అతుకు మీద నెలవంక

నకిరేకల్‌లో కారు చెడిపోయినవాడికి కారు బాధ ఒక్కటే కాదు, జుల్ఫికర్ ఉపన్యాసం బాధ కూడా ఉంటుంది. పనిమంతుడే, ఆ మాట ఎవరూ కాదనరు. కాని బానెట్ ఎత్తడానికి ముందు లోకం ఎంత పాడైపోయిందో చెప్పాలి ఆయనకు. కల్తీ పెట్రోలు, కల్తీ ఆయిలు, కల్తీ మనుషులు అని మొదలుపెట్టి, అంతకు ముందు ఆ బండిని ముట్టుకున్న మెకానిక్ ఎవడో వాడి ఏడు తరాలనూ ఒకసారి చుట్టి వస్తే తప్ప చేతికి స్పానర్ రాదు.

అట్లాంటి మనిషిని మెకానిక్‌ల సంఘం వాళ్లు అధ్యక్షుణ్ణి చేసి కూర్చోబెట్టారు. ఇక పట్టపగ్గాల్లేవు. నిమ్మకాయల మార్కెట్‌కు తిరిగే మలుపు దాటగానే ఉన్న తన రేకుల షెడ్డుకు కొత్త బోర్డు రాయించాడు. "డాక్టర్ జుల్ఫికర్ కార్ క్లినిక్. కంప్యూటర్ ద్వారా రోగ నిర్ధారణ. నిజాయితీకి మారుపేరు." ఆ ఆఖరి ముక్కకు జాగా చాలదని పెయింటర్ మొత్తుకున్నాడు. "ఏదన్న తీసెయ్, నిజాయితీ మాత్రం తియ్యకు" అన్నాడు జుల్ఫికర్. పెయింటర్ ఫోన్ నంబరు తీసేశాడు.

షెడ్డు గుమ్మంలో నవారు కుర్చీలో కూర్చుని ఉండే ముసలాయన బాబా మియా, జుల్ఫికర్ తండ్రి. ఆయన కళాయి మనిషి. సైకిల్ మీద ఊరూరా తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి, చిల్లుపడ్డ బిందెలకు అతుకులు వేసి పిల్లల్ని సాకాడు. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది, చెవులు సగం పోయాయి, నోరు మాత్రం ఇంకా కొత్తదే. అతుకు వేసిన ప్రతిసారీ చివర ఒక చిన్న నెలవంక, దాని పక్కన ఒక చుక్క దిద్దడం ఆయన అలవాటు. "పని మీద మన గుర్తు ఉండాలె బేటా. మంచిగుంటే పేరొస్తది. చెడిపోతే ఎవలను అడగాల్నో వాళ్లకు తెలుస్తది" అని కొడుక్కు నేర్పాడు.

కొడుకు అందులో మొదటి సగం బాగా నేర్చుకున్నాడు. ఏ పైపుకు వెల్డింగ్ పెట్టినా చివర నెలవంక, చుక్క. "ఈ గుర్తు కనవడితే కండ్లు మూసుకొని నమ్ముండ్రి" అని హైవే పొడుగునా చెప్పుకున్నాడు. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఆ గుర్తు తెలియని డ్రైవరు లేడు.

బోర్డు ఎక్కించిన రోజే, మిఠాయి పంచుతుండగా, ఒక ఎర్ర కారు గలగలమంటూ వచ్చి ఆగింది. ఆగడం అంటే ఆగడం కాదు, రెండు దగ్గులు దగ్గి చచ్చింది. అందులోంచి ప్రమోద్ దిగాడు. రామన్నపేట మగ్గాల ఇంటి పిల్లవాడు, చౌటుప్పల్ మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. వెనక సీట్లోంచి అతని తల్లి లక్ష్మీనర్సమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దిగింది. వాళ్ల వెనకే మోటార్ సైకిల్ మీద అఖీల్ వచ్చాడు. చౌటుప్పల్‌లో పాత కార్లు కొని రంగులేసి అమ్మేది అతనే, ఈ కారు ప్రమోద్‌కు అంటగట్టిందీ అతనే.

"నువ్వే తీర్పు చెప్పాలె భాయ్" అన్నాడు ప్రమోద్. "కొన్ననాటి సంది కారుల కాలని పెట్రోలు కంపు. కొన్నొద్దులకు గలగల మొదలైంది. ఇప్పుడైతే ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఎనకనుంచి ఆటోలు హారన్ కొట్టుకుంట దాటి పోతున్నయి. పొల్యూషన్ కాగితం కోసం పోతే, పొగ గొట్టంల మిషన్ పైపు పెట్టంగనే ఇయ్యనన్నడు. వాపస్ తీస్కో అంటే ఈయన తీస్కుంటలేడు."

"అల్లా సాక్షి, నేను రంగు తప్ప ఏం ముట్టలే చాచా" అన్నాడు అఖీల్. "నువ్వు నా తప్పన్నవంటే తప్పే. బండి వాపస్ తీస్కుంట, ఈ ధంధా కూడా ఇడిసిపెడ్త."

ప్రమోద్ ఇంట్లో ఈ కారుకు వైద్యం అప్పటికే చాలా జరిగింది. పెట్రోల్ బంకు మార్చాలన్నాడు తండ్రి వెంకటనర్సు. ఏసీ వేయకుండా నడపాలన్నాడు పక్కింటాయన. ఎర్ర రంగు మన పేరుకు పడదన్నాడు ఇంకో పెద్దమనిషి. లక్ష్మీనర్సమ్మ మాత్రం దిష్టి అని తేల్చేసింది. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు, అద్దానికి నిమ్మకాయలు, ఆఖరికి సైలెన్సర్ గొట్టానికి కూడా ఎండుమిరపకాయలతో గుచ్చిన నిమ్మకాయ. పెట్రోలు కంపుకు నిమ్మకాయ వాసన తోడైంది తప్ప బండికి ఒరిగిందేమీ లేదు.

చుట్టుపక్కల షెడ్ల మెకానిక్‌లు, మార్కెట్ హమాలీలు, చాయ్ తాగుతున్నవాళ్లు అందరూ మూగారు. జనం పోగైతే జుల్ఫికర్‌కు ఎక్కడలేని హుషారు. టోపీ సరిచేసుకుని పనిలోకి దిగాడు.

ముందు స్కానర్ తగిలించాడు. దానిని ఆయన పెండ్లి శాలువాలో చుట్టి దాచుకుంటాడు. స్కానర్ ఒక నంబరు చూపించింది. "కన్వర్టర్ పని చేస్తలేదంటాంది" అని జనానికి వినిపించేట్టు చెప్పాడు. "కన్వర్టర్ అంటే ఇంజన్‌కు, సైలెన్సర్‌కు నడుమ ఉండే డబ్బా. దాని కడుపుల తేనెతుట్టె అసొంటి జల్లెడ ఉంటది. పొగల ఉన్న విషం గా జల్లెడలనే కాలిపోతది. గని కంప్యూటర్ చెప్పిందని డబ్బా మార్చేటోడు మెకానిక్ కాదు, దుకాణం గుమస్తా. నాడి పట్టి చూడాలె."

ఇంజన్ నడిపించి వెనక గొట్టానికి అరచెయ్యి దగ్గర పెట్టాడు. "పొగ చేతిని నూకాలె. ఇది చూడు, ముసలోని ఊపిరి లెక్క వస్తాంది. ముందట ఏదో అడ్డం పడ్డది." తర్వాత మోకాళ్ల మీద వంగి, చాయ్ గ్లాసుతో నీళ్లు తీసుకుని కన్వర్టర్ ముందు పైపు మీద కొన్ని చుక్కలు, వెనక పైపు మీద కొన్ని చుక్కలు చల్లాడు. ముందరివి చుయ్యిమని ఎగిరిపోయాయి. వెనకవి తీరుబడిగా ఆరాయి. "చూసిండ్రా? లోపల విషం కాలితే ఎనకది ఇంకా వేడెక్కాలె. ఇక్కడ పొయ్యే లేదు, వేడెక్కడిది?" చివరికి పొడుగు కర్రకు రబ్బరు సుత్తి కట్టి డబ్బాను తట్టాడు. ఖాళీ బిందె చప్పుడు. సైలెన్సర్‌ను తట్టాడు. గలగల.

జుల్ఫికర్ లేచి నిలబడ్డాడు. ఆ ముఖంలో వెలుగు చూడాలి! కొడుక్కు మెడిసిన్ సీటు వచ్చినవాడికి కూడా అంత వెలుగు రాదు.

"కడుపు ఖాళీ! ఎవడో హరామ్‌ఖోర్ డబ్బా కోసి, జల్లెడను ఇనుప చువ్వతోని పొడిచి ఊడగొట్టి, మల్ల అతుకేసిండు. అంచులకు మిగిలిన పెంకలు రాలి సైలెన్సర్ల పడ్డయి. గందుకే గలగల, గందుకే ఎత్తు ఎక్కదు. జల్లెడ లేదు గనుక ఆ కంపు సీదా మన ముక్కులకు వస్తాంది."

"ఇప్పకుంటనే గింత కతెట్ల చెప్తివి చాచా?" అన్నాడు అఖీల్ ఆశ్చర్యపోతూ.

"ఇరవయ్యేండ్ల చెయ్యిరా ఇది! నీకు చెమటలెందుకు పడ్తున్నయి? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నవు?"

అఖీల్ నిజంగానే భుజం మీద చెయ్యి వేసుకుని ఉన్నాడు. చప్పున తీసేశాడు. జనం నవ్వారు.

పైపు చల్లారేదాకా, బండి కడుపు కిందినుంచి చూడటానికి షెడ్డులో తవ్వించిన గుంతలోకి దిగడానికి వీల్లేదు. ఆ కాసేపు ఊరుకుంటే జుల్ఫికర్ ఎందుకవుతాడు? కొత్త బోర్డు కింద నిలబడి గొంతు సవరించుకున్నాడు. "సంఘం అధ్యక్షుని హోదాల చెప్తున్న, అందరు ఇనుండ్రి. పిల్లలు పీల్చే గాలిల విషం కలిపినోడు మెకానిక్ కాదు. గీ పని చేసినోడు దొరికితే కొత్త కన్వర్టర్ వాడే సొంత పైసలతోని ఎక్కియ్యాలె. అందరి ముందట నిచ్చెన ఎక్కి వాని బోర్డు వాడే దించుకోవాలె. మళ్ల సంఘం ఒప్పుకునేదాక ఎక్కియ్యొద్దు."

"ఎవలైనా సరేనా?" అని ఒక హమాలీ అడిగాడు.

"ఎవలైనా! నా సొంత తమ్ముడైనా ఇడిసిపెట్ట."

చప్పట్లు మోగాయి. గుమ్మంలోంచి బాబా మియాకు చప్పట్లు మాత్రం వినిపించి, ఆయన కూడా రెండు కొట్టాడు.

ఎర్ర కారును గుంత మీదికి తోశారు. జుల్ఫికర్ ఫోన్ లైటు వేసుకుని, "కోసిన జాగా చూపిస్త, ఆగుండ్రి" అంటూ కిందికి దిగాడు. డబ్బా మీద మట్టి, గ్రీజు మందంగా పేరుకుని ఉన్నాయి. బట్టతో తుడిచాడు. అతుకు కనబడింది. ఎవడో గాని మంచి చెయ్యి, చీర అంచులా సమంగా పోయింది. లైటు అతుకు వెంట జరుపుకుంటూ చివరిదాకా పోయాడు.

చివర ఒక నెలవంక, దాని పక్కన ఒక చుక్క.

జుల్ఫికర్ లైటు ఇంకా దగ్గరికి జరిపాడు. పక్కనే, డబ్బాకు పట్టిన పాత రంగు తుంపరలు తెల్లగా కనబడ్డాయి. ఎర్ర కారు ఒకప్పుడు తెల్ల కారు. తెల్ల కారు అనగానే అన్నీ గుర్తొచ్చాయి. ప్లాట్లు అమ్ముకునే పెద్దమనిషి ఒకాయన, బండికి పికప్ లేదని గోల పెడితే, ఇదే గుంతలో, ఇదే చేత్తో జల్లెడ ఊడగొట్టాడు. దానికి అప్పట్లో ఆయన పెట్టిన పేరు దమ్ము ఆపరేషన్. జల్లెడ తీస్తే ఇంజన్‌కు దమ్ము వస్తుందని తనే ప్రచారం చేశాడు. జనం ఎగబడ్డారు. రాలిన జల్లెడ పొడిలో ఖరీదైన లోహం ఉంటుందని, దాన్ని కొనుక్కోవడానికి పట్నం నుంచి ఒకడు వచ్చేవాడు కూడా. పొగ తనిఖీలు గట్టి పడ్డాక మానేశాడు. మానేసిన మర్నాటి నుంచే ఆ పని చేసేవాళ్లను తిట్టడం మొదలుపెట్టాడు. ఎంత గట్టిగా తిడితే పాత మరక అంత తొందరగా పోతుందని ఆయన లెక్క.

మీరు సిగ్గుపడ్డాడని అనుకుంటున్నారేమో, అప్పుడే కాదు. ముందు వచ్చింది భయం. పైన కొత్త బోర్డు రంగు ఇంకా ఆరలేదు.

"ఏమైంది భాయ్, కనవడ్డదా?" అని పైనుంచి ప్రమోద్ కేక వేశాడు.

"ఆఁ... జర గ్రైండర్ ఇటియ్యుండ్రి."

"రోగం చూసేటానికి గ్రైండర్ ఎందుకు తమ్మీ?" అంది లక్ష్మీనర్సమ్మ. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా అంత సూటిగా చూడదు ఆవిడ.

"వద్దులే అక్కా, వద్దులే."

గ్రైండర్ లేదు కదా అని, తుడిచిన గ్రీజునే మళ్లీ తీసి నెలవంక మీద దట్టంగా పామాడు. చుక్క మీద ఇంకాస్త. గుంతలోంచి పైకి వచ్చేసరికి ముఖం మారిపోయింది. మాట కూడా మారిపోయింది.

"చూడుండ్రి భాయ్, మనం తొందరపడి మాట జారొద్దు" అన్నాడు మెత్తగా. "ఒక్కోపారి జల్లెడ దానంతట అదే కరిగిపోతది. మన నల్లగొండ ఎండలు, మన రోడ్లు... పాపం జల్లెడ ఎన్నని తట్టుకుంటది?"

"ఇందాక చువ్వతోని పొడిచిండ్రంటివి?" అన్నాడు ప్రమోద్.

"ఇందాక పైనుంచి చూసిన. ఇప్పుడు కిందినుంచి చూసిన. కిందినుంచి చూస్తే లోకం వేరే తీరుగ ఉంటది."

"మరి అతుకు?"

"కంపెనీ అతుకే. కంపెనీల గూడ మనుషులే చేస్తరు గద. మనిషన్నంక..." అని ఆగి, నిట్టూర్చి, "అఖీల్ తప్పు లేదు. ఎవల తప్పు లేదు. కొత్త బోర్డు పెట్టుకున్న రోజు కొట్లాటెందుకు? కొత్త కన్వర్టర్ నేనే తెప్పించి ఎక్కిస్త. నా జేబుల నుంచి. సైలెన్సర్ గూడ కడుగుత" అన్నాడు.

జనం పొంగిపోయారు. అఖీల్ ఏడ్చినంత పని చేసి చేతులు పట్టుకున్నాడు. "అధ్యక్షుడంటే గిట్లుండాలె" అని ఒక మెకానిక్ కళ్లొత్తుకున్నాడు. ఇంకొకాయన శాలువా తెస్తానని మార్కెట్ వైపు పరుగెత్తాడు. మన దగ్గర శాలువాకు మనిషి దొరకడమే కష్టం గాని, మనిషి దొరికితే శాలువాకు కరువు లేదు.

ఈ సందట్లో జుల్ఫికర్ మళ్లీ గుంతలోకి దిగి బోల్టులు విప్పి, పాత డబ్బాను గోనెసంచిలో చుట్టి, ఎవరికీ కనబడకుండా తండ్రి కుర్చీ పక్కన ఆయిల్ డ్రమ్ము చాటున పెట్టాడు. పొద్దు గూకాక స్క్రాపు వాడికి ఇచ్చేస్తే పీడా పోతుంది. ఎంతటి గండం తప్పింది! హాయిగా ఊపిరి పీల్చుకుని శాలువా కోసం భుజాలు సర్దుకున్నాడు.

కాని ముసలాయన కాలికి సంచి తగిలింది. ఇనుమో ఇత్తడో చెయ్యి పెట్టి చూడకపోతే బాబా మియాకు అన్నం సహించదు. వంగి సంచిలో చెయ్యి పెట్టాడు. బరువు చూశాడు. జిడ్డు తగిలితే లుంగీ అంచుతో ఒత్తి తుడిచాడు. కళాయి మనిషి కదా, మురికి ఉన్న లోహాన్ని తుడవకుండా ఉండలేడు. బొటనవేలు అతుకు వెంట నెమ్మదిగా పోయింది, చివర ఆగింది. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి పోయింది.

"జుల్ఫీ!" అని అరిచాడు. చెవులు వినబడనివాళ్లు మెల్లగా మాట్లాడలేరు. "అరె, ఇది నీ చేతి పనే కదా బేటా! ఏం అతుకు పెట్టినవురా! నీ ఉస్తాద్‌ను నేను, నాకే చాతకాదు గింత సాపుగ!"

జనం అటు తిరిగారు. ఆయన డబ్బాను ఒళ్లో పెట్టుకుని, కనబడని జనం వైపు తిప్పి చూపించాడు. "చూడుండ్రి, నెలవంక. పక్కన చుక్క. మా ఖాందాన్ గుర్తు!"

అందరూ చూశారు. లుంగీ తుడుపుకు నెలవంక తళతళ మెరుస్తోంది. లక్ష్మీనర్సమ్మ ముక్కు మీది కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. శాలువా తెచ్చినవాడు దాన్ని వీపు వెనక్కి దాచాడు.

ప్రమోద్ మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కంతా. "ఎవడో మీ గుర్తు కాపీ కొట్టిండేమో భాయ్" అన్నాడు. "పేరున్నోని గుర్తు ఎవడైనా కొడ్తడు."

"గంతే అయి ఉంటది!" అన్నాడు అఖీల్, ఇంకా కృతజ్ఞత తగ్గక.

జనం కూడా తలలూపారు. దారి దొరికింది! ఒక్క మాట చాలు, అవును కాపీయే అంటే బోర్డు నిలుస్తుంది, శాలువా కూడా వస్తుంది. జుల్ఫికర్ నోరు తెరిచాడు.

"ఏమంటున్నరు? కాపీనా?" అన్నాడు బాబా మియా. ఆ మాట మాత్రం ఎట్లా వినబడిందో మరి. ముఖంలో వెలుగు తగ్గింది. డబ్బా మీద వేలు ఇంకోసారి తిప్పాడు, ఈసారి అనుమానంగా. "నా వేలు మోసపోయిందా బేటా? కండ్లు పోయినంక నాకు మిగిలింది గీ వేళ్లే. మన అతుకు కాదా ఇది?"

జుల్ఫికర్ తండ్రి వేలి వైపు చూశాడు. కళాయి పనిలో వాడే ఆమ్లం తిని తిని గోరు నల్లబడిపోయిన వేలు. అప్పుడు వచ్చింది సిగ్గు, వస్తే ఇంత ఆలస్యంగానా అన్నట్టు ఒక్కసారిగా ఒళ్లంతా వచ్చింది.

"నీ వేలు మోసపోలే అబ్బా" అన్నాడు, ఆయనకు వినబడేట్టు గట్టిగా. అంటే అందరికీ వినబడేట్టు. "మన అతుకే. నేనే కోసిన, నేనే పొడిచిన, నేనే అతుకేసిన."

"అట్ల చెప్పు!" అని ముసలాయన మురిసిపోయాడు. "అంత మంచి పనిని గోనెసంచిల దాస్తరారా?"

ఎవరూ నవ్వలేదు. జుల్ఫికరే పోయి నిచ్చెన తెచ్చుకున్నాడు. పట్టుకోవడానికి కూడా ఎవరూ ముందుకు రాకపోతే అఖీల్ వచ్చి పట్టుకున్నాడు. బోర్డు దిగింది. తడి రంగు జుల్ఫికర్ చొక్కాకు అంటుకుని, నిజాయితీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఆయన పొట్ట మీద పడింది. లక్ష్మీనర్సమ్మ సంచిలోంచి ఒక నిమ్మకాయ తీసి ఇచ్చింది. "దిష్టి కాదు తమ్మీ, రుద్దు. మరక పోతది" అంది. ఎగతాళో దయో ఆవిడకే తెలియాలి.

కొత్త కన్వర్టర్ వచ్చాక ప్రమోద్ కారుకు జుల్ఫికర్ చేతులారా ఎక్కించాడు. దాన్ని పైపుతో కలిపే అతుకు చివరికి వచ్చేసరికి వెల్డింగ్ కడ్డీ ఆగింది. ఈ గుర్తు ఇక పెట్టాలా, మానాలా?

"గుర్తు పెట్టినవా బేటా?" అని కుర్చీలోంచి కేక.

"పెడ్తున్న అబ్బా" అని నెలవంక దిద్దాడు. చుక్క కూడా పెట్టాడు.

అంతటితో అయిపోయిందనుకున్నాడు పాపం. మర్నాడు పొద్దున షెడ్డు తెరిచేసరికి రోడ్డు పొడుగునా కార్లు. నార్కట్‌పల్లి నుంచి ఒకటి, చిట్యాల నుంచి ఒకటి, మిర్యాలగూడ నుంచి ఒకటి, వెనక ఇంకా వస్తూనే ఉన్నాయి. కోసినోడే కొత్తది ఎక్కియ్యాలన్న ఆయన మాట హైవే అంతా పాకి, దమ్ము ఆపరేషన్ చేయించుకున్న బండ్లన్నీ దగ్గుకుంటూ, గలగలమంటూ, పెట్రోలు కంపు కొడుతూ వచ్చి నిలబడ్డాయి. షెడ్డు మీద బోర్డు లేదు. అయినా షాపు ఎక్కడని ఒక్కడూ అడగలేదు. ప్రతివాడూ కిందికి వంగి, తుడిచి, తన బండి కడుపు కింది గుర్తు చూసుకునే వచ్చాడు.

హారన్ల మోత ముసలాయనకు కూడా వినబడింది. "గింత మంది వచ్చిండ్రేంది జుల్ఫీ? కొత్త బోర్డు చూసిండ్రా?" అని సంబరంగా అడిగాడు.

"కాదు అబ్బా" అన్నాడు జుల్ఫికర్, గుంతలోకి దిగుతూ. "మన గుర్తు చూసి వచ్చిండ్రు."